ఆశ్రమంలో పెద్దవాళ్లకు జ్వరం లేకుండానే సీఆర్‌పీ ఎక్కువ వస్తోంది, ఎక్కడ వెతకాలి?

పెద్దలఇల్లు_ఇన్‌చార్జి:
అందరికీ నమస్కారం. మాది 40 మంచాల వృద్ధాశ్రమం, గోదావరి జిల్లా. ఎక్కువమంది 75 దాటినవాళ్లే, పదిమంది దాకా మంచం మీదే ఉంటారు. ఈ మధ్య ఒక ల్యాబ్‌తో ప్యాకేజీ టెస్టులు చేయించాం. సగం మందికి సీఆర్‌పీ (ఒంట్లో వాపు, అంటే ఇన్‌ఫ్లమేషన్, ఉందో లేదో సూచించే రక్తపరీక్ష) 8 నుంచి 22, ఈఎస్‌ఆర్ (అదే కోవలోని ఇంకో రక్తపరీక్ష) 45 నుంచి 70 వచ్చింది. జ్వరం లేదు, దగ్గు లేదు, తిండి ఎప్పటిలాగే తింటున్నారు. రిపోర్టులో ఎర్ర అంకెలు చూసి పిల్లలు అమెరికా నుంచి "యాంటీబయాటిక్ మొదలుపెట్టారా?" అని వాట్సాప్‌లో ఒకటే అడుగుతున్నారు. డాక్టరు గారు 15 రోజులకోసారి వస్తారు. ఈలోపు మేం ఏం చూడాలి, నెలనెలా ఈ టెస్టు చేయించాలా, పసుపు మాత్రలు ఇవ్వొచ్చా?

ఫిజీషియన్_వృద్ధులవైద్యం:
యాంటీబయాటిక్ వద్దండి. అంకెను చూసి ఎవరికీ మొదలుపెట్టకండి.

సీఆర్‌పీని తయారుచేసేది లివర్. ఐఎల్-6 అనే సంకేతం ఎక్కడి నుంచి వచ్చినా అది పెంచేస్తుంది, ఇన్ఫెక్షనే కానక్కర్లేదు. వయసు మీదపడేకొద్దీ పొట్ట చుట్టూ కొవ్వు, విభజన ఆగిపోయి శరీరంలో పేరుకున్న పాత కణాలు, చెడిన చిగుళ్లు, మానని పుండ్లు అన్నీ ఆ సంకేతాన్ని కొద్దికొద్దిగా పంపుతూనే ఉంటాయి. 2000లో ఇటలీ శాస్త్రవేత్త క్లాడియో ఫ్రాన్సెస్కీ దీనికే 'ఇన్‌ఫ్లమేజింగ్' అని పేరు పెట్టారు. దీనివల్ల రాత్రికి రాత్రి ఏమీ కాదు. నెలల తరబడి కండరం కరుగుతుంది, ఆకలి తగ్గుతుంది, రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పడిపోతుంది, ఐరన్ మాత్రలు మింగినా హిమోగ్లోబిన్ కదలదు.

సీఆర్‌పీ హాఫ్ లైఫ్ దాదాపు 19 గంటలు. కారణం ఆగిపోతే రోజుకి సగానికి పైగా దిగాలి. అందుకే 10 దాటినవాళ్లకు మాత్రమే రెండు మూడు వారాలాగి ఇంకోసారి చేయించండి. అప్పుడూ అంతే ఉంటే లోపల ఏదో నడుస్తున్నట్టు, వెతకాలి. నెలనెలా అందరికీ చేయిస్తే ల్యాబ్‌కి లాభం. ఒంట్లో బాగున్న రోజు అంకెను మాత్రం ప్రతివాళ్ల ఫైలు మొదటి పేజీలో రాసి పెట్టండి. రేపు ఆయాసం వచ్చినప్పుడు 12 ఉన్న మనిషికి 90 వస్తే దానికి అర్థం ఉంది. 12 కాస్తా 15 అయితే ఏమీ లేదు.

ఈఎస్‌ఆర్ వయసుతో పెరుగుతుంది. మగవాళ్లకు వయసులో సగం, ఆడవాళ్లకు వయసుకు 10 కలిపి అందులో సగం దాకా మామూలే అనుకోవచ్చు. అంటే 80 ఏళ్ల మామ్మగారికి 45 వింతేమీ కాదు. రక్తహీనత ఉంటే ఇంకా పైకి వెళ్తుంది.

అయితే కొన్ని కలయికలు డాక్టరు వచ్చే రోజు దాకా ఆగవు. కొత్తగా కణతల దగ్గర తలనొప్పి, నములుతుంటే దవడ లాగడం, చూపు మసకబారడం ఉండి ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రెండూ ఎక్కువైతే అదే రోజు ఆసుపత్రికి. చూపు పోతే మళ్లీ రాదు. ఈఎస్‌ఆర్ 100 దగ్గర ఉండి సీఆర్‌పీ పెద్దగా లేకపోతే, పైగా నడుం నొప్పి, హిమోగ్లోబిన్ తగ్గడం, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే అంకె) పెరగడం ఉంటే మైలోమా, అంటే ఎముక మజ్జలో వచ్చే క్యాన్సర్, అనుమానించి ప్రొటీన్ ఎలక్ట్రోఫొరిసిస్ (రక్తంలోని ప్రొటీన్లను విడదీసి చూసే పరీక్ష) అడగాలి. రెండు వారాలు దాటిన దగ్గు, బరువు తగ్గడం కనిపిస్తే కళ్లె పరీక్ష. కళ్లెలో టీబీని పట్టే సీబీనాట్ పరీక్ష ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. ఒకే గదిలో నలుగురు పడుకునే చోట టీబీని ఆలస్యంగా పట్టుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

జ్వరం విషయంలో ఒక మాట. ఈ వయసులో ఇన్ఫెక్షన్ ఉన్నా చాలామందికి 101 రాదు. నోటిలో ఒక్కసారి 100 ఫారన్‌హీట్ దాటినా, పదేపదే 99 దాటినా, వాళ్ల మామూలు టెంపరేచర్ కన్నా 2 డిగ్రీలు పెరిగినా జ్వరమే. మామూలెంతో తెలియాలంటే ముందే రాసుకుని ఉండాలి కదా. నిమిషానికి ఊపిరి 25 దాటిందంటే జ్వరం లేకపోయినా నిమోనియా కోసం చూడాలి.

ల్యాబ్_టెక్నీషియన్:
చిన్న సంగతే గానీ తరచూ కొంప ముంచుతుంది. రిపోర్టులో యూనిట్ చూడండి. కొన్ని ల్యాబ్‌లు లీటరుకు మిల్లీగ్రాముల్లో, కొన్ని డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తాయి. పదింతల తేడా. డెసిలీటరుకు 2.2 అంటే లీటరుకు 22. రెండు ల్యాబ్‌ల రిపోర్టులు పక్కపక్కన పెట్టి 'తగ్గింది' అనుకోవడం ఇలాగే జరుగుతుంది. గుండె ప్యాకేజీలో వచ్చే హై సెన్సిటివిటీ సీఆర్‌పీకి 1, 3 హద్దులు వేరే పని కోసం పెట్టినవి. మీ ఆశ్రమంలో వాటితో పోల్చకండి.

వార్డ్‌సిస్టర్:
వెతకడం నోటి నుంచి మొదలుపెట్టండి. టార్చి, చెక్క స్పాచులా చాలు. కట్టుడు పళ్లు తీయించి చూడాలి, పెట్టుకుని ఉండగా చూస్తే ఏమీ కనబడదు. అంగిట్లో కట్టుడు పళ్ల ఆకారంలోనే ఎర్రగా ఉంటే ఫంగస్. నోటికి మందు రాసి, పళ్లను అలాగే వదిలేస్తే వారంలో తిరిగొస్తుంది. పళ్లసెట్టును సబ్బునీళ్లతో బ్రష్ చేసి, రాత్రంతా తీసేసి నీళ్లలో ఉంచాలి. టూత్‌పేస్టు వాడితే గీతలు పడి అందులోనే ఫంగస్ చేరుతుంది.

సొంత పళ్లున్నవాళ్లకు రోజుకు రెండుసార్లు, మెత్తటి చిన్నపిల్లల బ్రష్‌తో. ఉమ్మలేనివాళ్లకు పేస్టు కందిగింజంత చాలు. తల ఎత్తి, ముఖం పక్కకు తిప్పి తోమి, గాజ్ గుడ్డతో తుడవాలి. జపాన్‌లో 11 నర్సింగ్ హోముల్లో రెండేళ్లు చూసి 2002లో రాశారు. క్రమంగా నోరు శుభ్రం చేసినవాళ్లలో నిమోనియా 11 శాతం, మామూలుగా వదిలేసినవాళ్లలో 19 శాతం.

తర్వాత చర్మం. స్నానం రోజే తల నుంచి కాలి వేళ్ల దాకా చూసేయాలి: తుంటి, నడుం కింద ఎముక, మడమలు, రొమ్ముల కింద, గజ్జల్లో, కాలి వేళ్ల సందుల్లో. నొక్కినా తెల్లబడని ఎరుపు పుండుకు మొదటి మెట్టు. దాని మీద మర్దన చేయకూడదు, స్పిరిట్ రాయకూడదు, గాలి రింగు పెట్టకూడదు. రింగు అంచు చుట్టూ రక్తం ఆగిపోయి మధ్యలో ఇంకా చెడుతుంది. రెండు గంటలకోసారి పక్కకు 30 డిగ్రీలు ఒరిగించి వీపు వెనక దిండు పెట్టండి, పూర్తిగా పక్కకు తిప్పితే బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది. పిక్కల కింద దిండు పెడితే మడమలు గాల్లో ఉంటాయి.

గాలి పరుపు ఉందని ధీమాగా ఉండొద్దు. దాని మీద రబ్బరు షీటు, రెండు దుప్పట్లు, మీద బొంత పరిచేస్తారు, ఇక అది ఉన్నా లేనట్టే. తుంటి ఉన్న చోట పరుపు కింద అరచేయి పెట్టి చూడండి, పైన అంగుళం మందం గాలి తగలాలి. కరెంటు పోతే దిగిపోతుందా లేదా కూడా చూసుకోండి. పుండులో కడ్డీ పెడితే ఎముక తగిలిందంటే డ్రెస్సింగ్ మార్చుకుంటూ కూర్చునే కేసు కాదు. ఆ ఎముక ఇన్ఫెక్షన్ ఒక్కటే సీఆర్‌పీని నెలల పాటు పైన ఉంచుతుంది.

పెద్దలఇల్లు_ఇన్‌చార్జి:
చాలా థ్యాంక్సండి. మోకాళ్ల నొప్పులకు చాలామంది రోజూ అసిక్లోఫెనాక్ వేసుకుంటున్నారు, పిల్లలే పంపిస్తారు. అది ఇన్‌ఫ్లమేషన్‌కి మంచిదేగా? నలుగురికి యూరిన్ పైపు ఉంది, పస్ సెల్స్ (చీము కణాలు) నిండుగా అని వచ్చింది. అదేనా కారణం?

ఫిజీషియన్_వృద్ధులవైద్యం:
అసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్ రోజూ వద్దు. బీపీకి టెల్మిసార్టాన్ గానీ రామిప్రిల్ గానీ, దానితో యూరిన్ ఎక్కువగా పంపే నీళ్ల మాత్ర, వాటిపైన ఈ నొప్పి మాత్ర. మూడూ కలిస్తే కిడ్నీ దెబ్బతినొచ్చు, వేసవిలో విరేచనాలు పట్టుకుంటే మరీ త్వరగా. పారాసెటమాల్ 500 రోజుకు మూడుసార్లు ఇచ్చి చూడండి. మొత్తం 3 గ్రాములు మించొద్దు, 50 కిలోల లోపువాళ్లకు 2 గ్రాములు. పేరు లేని పొట్లాల్లో వచ్చే నొప్పి మాత్రలను అనుమానించండి, అందులో స్టెరాయిడ్ ఉండొచ్చు. హఠాత్తుగా ఆపినా ప్రమాదమే కాబట్టి డాక్టరుకు చూపించి ఆపాలి.

కూరలో పసుపు కూరలోనే ఉండనివ్వండి. మిరియాల సారం కలిపిన కర్క్యుమిన్ మాత్రలు లివర్‌ను దెబ్బతీసిన కేసులున్నాయి, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వేసుకునేవాళ్లకు రక్తస్రావం భయం కూడా.

డైటీషియన్_విశాఖ:
ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే ఆహారమంటూ ప్రత్యేకం ఏమీ పెట్టక్కర్లేదు, ప్రొటీన్ లోటు పూడ్చండి. కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు, పుండ్లు ఉంటే 1.2 నుంచి 1.5. 50 కిలోల మనిషికి 50–60 గ్రాములు. రెండు ఇడ్లీలు, చారన్నం, రాత్రి ఉప్మాతో అందులో సగం కూడా రాదు. వారంలో ఇడ్లీ పెట్టే రోజుల్లో రెండు రోజులు పెసరట్టు పెట్టండి. 50 గ్రాముల పెసల్లో 12 గ్రాములుంటుంది, మెత్తగా పోస్తే పళ్లు లేనివాళ్లూ తింటారు. గుడ్డుకు 6. వెన్న తీసిన పాలపొడి రెండు చెంచాలు, అంటే 15 గ్రాములు, మజ్జిగలోనో జావలోనో కలిపితే 5. డయాలసిస్ లేకుండా కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకు ఈ లెక్క పెట్టొద్దు, డాక్టరునడగండి.

తిండి ఒక్కటే కండరం కాదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లనే 10 రోజులు మంచం మీద ఉంచితే కాళ్ల కండరం దాదాపు కిలో పోయిందని 2007లో చూశారు. లేవగలిగినవాళ్ల చేత కుర్చీలోంచి లేచి కూర్చోవడం 8 నుంచి 10 సార్లు, కాస్త ఆగి ఇంకోసారి, వారానికి మూడు రోజులు చేయించండి. కుర్చీ గోడకు ఆనించి ఉండాలి, ఒక మనిషి పక్కనుండాలి.

వార్డ్‌సిస్టర్:
పైపు ప్రశ్న మిగిలిపోయింది. నెల దాటిన పైపు ఉన్నవాళ్లలో దాదాపు అందరి యూరిన్‌లోనూ బ్యాక్టీరియా, పస్ సెల్స్ ఉంటాయి. అది మందు వేయాల్సిన జబ్బు కాదు. వాసన, మబ్బుగా ఉండటం చూసి కల్చర్‌కి పంపకండి. పంపితే ఏదో ఒకటి పెరుగుతుంది, మందు వేయాలనిపిస్తుంది, రెండోసారికి మందులు పనిచేయని బ్యాక్టీరియా మిగులుతుంది. జ్వరం, వణుకు, నడుం పక్కన కొత్త నొప్పి, కొత్తగా తికమక పడటం ఉంటేనే పంపాలి. అప్పుడు కూడా పైపు పెట్టి రెండు వారాలు దాటితే ముందు మార్చి, కొత్త పైపులోంచే శాంపిల్ తీయండి. సంచిలోంచి తీస్తే సంచిలో పెరిగినవే వస్తాయి. ఆ నలుగురిలో ఎవరికి పైపు ఎందుకు పెట్టారో ఫైళ్లు తీసి చూడండి. ఆసుపత్రిలో పెట్టి తీయడం మర్చిపోయినవి ఉంటే, ఈసారి డాక్టరు గారు వచ్చినప్పుడు అడిగి తీసేయించండి. తీశాక ఆరు గంటల్లో యూరిన్ రాకపోతే, లేదా పొత్తికడుపు ఉబ్బితే వెంటనే ఆయనకు ఫోన్ చేయండి.