డల్లస్, శాన్ హోసే, లాస్ వేగస్: ఏవీ టెక్నీషియన్‌కు ఊరు మారితే ఆదాయం నిజంగా ఎంత మారుతుంది?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను ఆరేళ్లుగా డల్లస్‌లోని ఒక పెద్ద హోటల్‌లో ఆడియో, వీడియో (ఏవీ) టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ఉదయం మైకులు, ప్రొజెక్టర్లు అమర్చడం, సభ జరుగుతున్నంతసేపూ మిక్సర్ దగ్గర ఉండడం, రాత్రి అన్నీ విప్పి పెట్టెల్లో సర్దడం నా పని. గంటకు 28 డాలర్లు వస్తున్నాయి. ఇప్పుడు నా ముందు రెండు అవకాశాలున్నాయి. ఒకటి శాన్ హోసేలో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ మీటింగ్ గదులను, ఉద్యోగుల సభలను చూసుకునే శాశ్వత ఉద్యోగం. గంటకు 41 డాలర్లు ఇస్తామంటున్నారు. రెండోది లాస్ వేగస్‌లో ఫ్రీలాన్స్ పని. పది గంటల రోజుకు 450 డాలర్లు, అది కూడా పని దొరికిన రోజులకు మాత్రమే.

అమెరికా కార్మిక గణాంకాల సంస్థ ప్రచురించే నగరాలవారీ వేతన పట్టికలను చూశాను కానీ, చూసిన తరువాత నా సందేహం ఇంకా పెరిగింది. అదే మిక్సర్, అవే కేబుళ్లు, అదే చెమట అయినప్పుడు ఊరిని బట్టి ఇంత తేడా ఎందుకు ఉంటుంది? ఆ తేడాలో ఎంత భాగం చివరికి చేతిలో మిగులుతుంది? మా అమ్మాయి వచ్చే ఏడాది బడిలో చేరాలి కనుక, ఒకసారి వెళ్లి, నచ్చక, మళ్లీ ఇంకో ఊరికి మారే వీలు మాకు లేదు. ఈ వృత్తిలో ఉన్నవారు దయచేసి చెప్పండి.

సమాధానం 1

మీరు చూసిన పట్టిక తప్పు కాదు. అయితే అది మీరు అడుగుతున్న ప్రశ్నకు జవాబు చెప్పడానికి తయారైనది కాదు. ఆ సర్వేలో స్వయం ఉపాధిపై ఉన్నవారు లెక్కలోకి రారు. అంటే లాస్ వేగస్‌లో సొంతంగా బిల్లు వేసుకుని పనిచేసే ఫ్రీలాన్సర్ల సంపాదన ఆ నగరపు అంకెలో కనిపించదు. ఓవర్‌టైమ్‌కు ఇచ్చే అదనపు చెల్లింపును కూడా అందులో కలపరు. ఈ వృత్తిలో చాలామందికి ఓవర్‌టైమే ఇల్లు నడిపే డబ్బు కనుక ఇది చిన్న లోటు కాదు. ఇక అక్కడ కనిపించే వార్షిక వేతనం గంట వేతనాన్ని 2,080తో, అంటే వారానికి 40 గంటల చొప్పున 52 వారాలతో, గుణించగా వచ్చినది. ఏడాదిలో 120 రోజులే పని దొరికే మనిషికి ఆ అంకె వర్తించదు.

ఇంకొక విషయం: మనమందరం ఏవీ అని ఒకే మాటతో పిలుచుకునే పనులు ఆ పట్టికలో వేర్వేరు కోడ్‌ల కింద ఉంటాయి. మీ పని 27-4011 కిందికి వస్తుంది. బ్రాడ్‌కాస్ట్ టెక్నీషియన్లు 27-4012లో, సౌండ్ ఇంజినీరింగ్ టెక్నీషియన్లు 27-4014లో, గోడలకు తెరలు బిగించి వైరింగ్ చేసే ఇన్‌స్టాలర్లు 49-2097లో ఉంటారు. రెండు నగరాలను పోల్చేటప్పుడు కోడ్ ఒకటే అయినా, ఒక నగరంలో ఆ కోడ్ కింద ఎక్కువమంది హోటల్ సిబ్బంది, ఇంకో నగరంలో ఎక్కువమంది కార్పొరేట్ సిబ్బంది ఉండవచ్చు. అప్పుడు మీరు పోలుస్తున్నది ఊళ్లను కాదు, ఉద్యోగాలను. అందుకే సగటును పక్కన పెట్టి 25వ, 75వ పర్సంటైల్ వేతనాలను, అంటే వందమందిలో 25 మంది, 75 మంది అంతకంటే తక్కువ సంపాదించే అంకెలను, చూడండి. మీ ఆరేళ్ల అనుభవం ఆ రెండింటి మధ్య ఎక్కడ నిలుస్తుందో ఆలోచిస్తే కొంత దారి దొరుకుతుంది.

సమాధానం 2

నేను తొమ్మిదేళ్లుగా బే ఏరియాలో, అంటే శాన్ హోసే, శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో, కార్పొరేట్ ఏవీలో పనిచేస్తున్నాను. మీరు అడిగిన "ఎందుకు" అన్న ప్రశ్నతో మొదలుపెడతాను. అక్కడ అద్దెలు ఎక్కువ కనుక జీతాలు ఎక్కువ అని అందరూ అంటారు గానీ అది సగం నిజమే. యజమాని మీ అద్దె చూసి జీతం నిర్ణయించడు. మీలాంటి పనివాడు మానేస్తే ఇంకొకరు ఎంతకు దొరుకుతారో చూసి నిర్ణయిస్తాడు. దీనికి ఫెడరల్ ప్రభుత్వమే మంచి ఉదాహరణ. ప్రభుత్వంలో ఆడియోవిజువల్ ప్రొడక్షన్‌కు 1071 అనే ఉద్యోగ శ్రేణి ఉంది. అదే గ్రేడు, అదే పని అయినా ప్రాంతాన్ని బట్టి మూల వేతనానికి అదనపు శాతం కలుపుతారు. 2025లో అది శాన్ హోసే, శాన్ ఫ్రాన్సిస్కో, ఓక్లాండ్ ప్రాంతానికి 46.34 శాతం, ప్రత్యేక ప్రాంతాల జాబితాలో లేని మిగిలిన దేశానికి 17.06 శాతం. ఈ శాతాలను జీవన వ్యయాన్ని బట్టి కాకుండా, ఆయా ప్రాంతాల్లో ప్రభుత్వేతర ఉద్యోగాలకు ఎంత చెల్లిస్తున్నారో పోల్చి నిర్ణయిస్తారు. లెక్క వేస్తే రెండింటి మధ్య తేడా దాదాపు 25 శాతం. మీకు చెప్పిన 28 నుంచి 41కి పెరుగుదల 46 శాతం. అంటే మీకు వస్తున్న పెంపు ఊరు మారినందుకు మాత్రమే కాదు, హోటల్ పని నుంచి కార్పొరేట్ పనికి మారినందుకు కూడా. ఈ సంగతి గుర్తుంచుకోండి, ఎందుకంటే డల్లస్‌లోనే కార్పొరేట్ ఉద్యోగానికి మారినా ఆ రెండో భాగంలో కొంత దక్కవచ్చు.

ఇప్పుడు చేతికి వచ్చేదాని మాట. ఏడాదికి 58,240 డాలర్లు 85,280 అవుతాయి. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, కాలిఫోర్నియాలో ఉంది. అద్దె సంగతి మీరే విచారించుకోండి. ఒక్కటి మాత్రం చెబుతాను, మీ భార్య జీతం కూడా అదే స్థాయిలో పెరిగితే తప్ప కుటుంబం మొత్తం మీద మిగులు పెద్దగా ఉండదు.

కాలిఫోర్నియాకు ఉన్న నిజమైన మేలు ఓవర్‌టైమ్ చట్టం. ఫెడరల్ చట్టం ప్రకారం వారానికి 40 గంటలు దాటితేనే ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి. కాలిఫోర్నియాలో రోజుకు 8 గంటలు దాటిన వెంటనే ఒకటిన్నర రెట్లు, 12 గంటలు దాటితే రెండు రెట్లు ఇవ్వాలి. ఒక వారంలో మూడు రోజులు, రోజుకు 12 గంటలు పనిచేశారనుకోండి. టెక్సాస్‌లో చట్టం ప్రకారం మీకు రావలసింది 36 గంటల వేతనం. కాలిఫోర్నియాలో అదే పనికి 42 గంటల వేతనం. సభ ఆలస్యమైతే మన పని గంటలు పెరిగిపోతాయి కదా, ఆ ఆలస్యానికి విలువ కట్టే చట్టం ఉన్న చోట పనిచేయడం ఎంత తేడాయో ఇక్కడికి వచ్చాకే నాకు అర్థమైంది. అలాగే 2023 జనవరి 1 నుంచి, 15 మంది లేదా అంతకంటే ఎక్కువమంది ఉద్యోగులున్న సంస్థలు ఉద్యోగ ప్రకటనలోనే వేతన శ్రేణిని తెలపాలి. మీరు చూసిన ప్రకటనలో 41 ఆ శ్రేణికి అడుగున ఉందా, పైన ఉందా అన్నది చూసుకున్నారా?

సమాధానం 3

లాస్ వేగస్‌లో పదకొండేళ్లుగా ఉన్నాను కనుక ఆ వైపు నుంచి చెబుతాను. రోజుకు 450 అంటే గంటకు 45. శాన్ హోసే కంటే ఎక్కువగా కనిపిస్తుంది. కానీ ఇక్కడ అడగవలసినది రేటు గురించి కాదు, రోజుల గురించి. మీ ప్రస్తుత ఆదాయాన్ని అందుకోవడానికే సుమారు 130 రోజుల పని కావాలి. ఆ పని డబ్ల్యూ-2 (సంస్థ ఉద్యోగిగా) మీదా, 1099 (స్వతంత్ర కాంట్రాక్టరుగా) మీదా అన్నది తప్పక అడగండి. 1099 అయితే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు రెండు వైపులవీ కలిపి 15.3 శాతం మీరే కట్టుకోవాలి, ఆరోగ్య బీమా మీరే కొనుక్కోవాలి, సెలవుకు జీతం ఉండదు. నా లెక్క ప్రకారం కనీసం 160 రోజులు దొరికితేనే మీరు ఇప్పుడున్న చోటికి సమానమవుతారు.

దొరుకుతాయా అంటే, పరిచయాలు ఏర్పడ్డాక దొరుకుతాయి. జనవరిలో సీఈఎస్ అనే ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన, ఏప్రిల్‌లో ప్రసార రంగపు ఎన్ఏబీ ప్రదర్శన వచ్చినప్పుడు మనుషులు చాలరు. డిసెంబరు చివర్లో ఫోను మోగదు. మొదటి ఏడాది మీరు పిలుపుల జాబితాలో అట్టడుగున ఉంటారు, అందులో మీ తప్పేమీ ఉండదు.

ఈ ఊరి వేతనాల వెనుక యూనియన్ ఉంది. నెవాడాలో యూనియన్‌లో చేరమని ఎవరినీ బలవంతపెట్టకూడదన్న చట్టం ఉన్నా, 1893లో ఏర్పడిన, రంగస్థల, వినోద రంగ సాంకేతిక కార్మికుల యూనియన్ ఐఏటీఎస్‌ఈకి చెందిన స్థానిక శాఖ లోకల్ 720 ఇక్కడ బలంగా ఉంది. యూనియన్ ఒప్పందం కింద జరిగే పనికి కనీస గంటలు, భోజన విరామం దాటితే పెనాల్టీ వంటివి రాతపూర్వకంగా ఉంటాయి. ఒప్పందం లేని పనికి మీకు మీరే యూనియన్. ఊరు ఒకటే, వేదిక ఒకటే, కానీ పక్కపక్క హాళ్లలో పనిచేసే ఇద్దరి సంపాదన ఒకటి కాదు.

మీకు చిన్న పాప ఉందన్నారు కనుక ఇంకో మాట కూడా చెప్పాలి. 2020 వసంతంలో ఎన్ఏబీ ప్రదర్శన రద్దయింది. 2021 సీఈఎస్ పూర్తిగా ఆన్‌లైన్‌లో జరిగింది. సభల మీదే బతికే ఊరిలో సభలు ఆగితే అందరి పనీ ఒకేసారి ఆగుతుంది, అప్పుడు వెళ్లడానికి ఇంకో రకం ఏవీ పని ఈ ఊరిలో చాలినంత ఉండదు. ఆ నెలల్లో నేను నా సొంత మిక్సింగ్ కన్సోల్ అమ్ముకున్నాను. బే ఏరియాలోనూ, డల్లస్‌లోనూ కార్యాలయాలు, ఆసుపత్రులు, విశ్వవిద్యాలయాలు, చర్చిలు ఉన్నాయి. ఒక తలుపు మూసుకుంటే ఇంకోటి ఉంటుంది.

సమాధానం 4

పై ముగ్గురూ చెప్పినదానికి కొంత కలుపుతాను. ఏవీ పరిశ్రమ సంఘం ఏవిక్సా ఇచ్చే సీటీఎస్ అనే నైపుణ్య సర్టిఫికేట్, డాంటే (కంప్యూటర్ నెట్‌వర్క్ మీదుగా ఆడియో పంపే పద్ధతి) నెట్‌వర్కింగ్ శిక్షణ మీకు ఉన్నాయా? హోటల్ పనిలో వీటిని ఎవరూ అడగరు కానీ, కార్పొరేట్ ఏవీ ఇప్పుడు సగం నెట్‌వర్క్ పని కనుక అక్కడ అడుగుతారు. అవి ఉంటే డల్లస్‌లోనే ఎంత వస్తుందో రెండు మూడు చోట్ల దరఖాస్తు చేసి తెలుసుకున్నాక, ఆ అంకెను 41తో పోల్చండి. 28తో పోల్చకండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఇంత ఓపికగా రాస్తారని అనుకోలేదు. ప్రకటన మళ్లీ తీసి చూశాను. శ్రేణి 40 నుంచి 52 డాలర్ల వరకు ఉంది. నాకు దాదాపు అడుగు వేతనమే చెప్పారు. ఆరేళ్ల అనుభవానికి 46 అడుగుతూ రేపు ఉత్తరం రాస్తాను, సాయంత్రపు సభలకు ఓవర్‌టైమ్ ఎలా లెక్కిస్తారో కూడా అందులోనే అడుగుతాను. సీటీఎస్ నాకు లేదు. పరీక్షకు చదవడం మొదలుపెడుతున్నాను. లాస్ వేగస్ వారికి మాత్రం ఈ రాత్రే రాలేనని చెప్పేస్తున్నాను. 160 రోజుల లెక్కను నా భార్యకు చూపించాక దాని మీద మా ఇద్దరికీ చర్చ మిగల్లేదు.