సమస్య (చివరి పాదమిది, ముందు మూడు పాదాలు పూరించాలి): “నాళ్ళొకేడాది నన్నూట నలువదైదు” (తేటగీతి)

ఏడాదికి 445 రోజులేమిటని తోసిపుచ్చకండి. క్రీ.పూ. 46లో రోములో, సీజరు ఆజ్ఞతో నెలల చిక్కు తీర్చినప్పుడు, అంతే జరిగింది.

పూరణ 1
చెదరిపోయిన నెలలలోఁ జిక్కుఁ దీర్ప
ఫిబ్రవరివెన్క నిరువది పిదప మూడు
ఆ నవంబరు దాటంగ నరువదేడు
నాళ్ళొకేడాది నన్నూట నలువదైదు

సమీక్ష: ఆర్యా, పూరణ బాగున్నది. కానీ 23, 67 కలిపితే 90 మాత్రమే. రోము పాత ఏడాది 355 రోజులు పద్యంలో లేవు. అవి లేనిదే సమస్య తీరదు. రెండవ పాదంలో ‘పిదప’ యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరం సరిపోవడం) కోసమే వచ్చింది. ‘మూడు’ తర్వాత పాదం ‘ఆ’తో మొదలవడం విసంధి (చేయవలసిన సంధి చేయకపోవడం).

మరొక సభ్యుడు: మొదటి పాదం “ముందె యున్నవి మున్నూట యేబదైదు” అంటే?

సమీక్ష: ము–యే యతి చెల్లదు. ఇలా సవరిద్దాం:

ఏటి కున్నవి మున్నూట యేబదైదు
ఫిబ్రవరి కిరువదిమూడు పిదపఁ జేర్చి
యా నవంబరు దాటంగ నరువదేడు
నాళ్ళొకేడాది నన్నూట నలువదైదు

‘చేర్చి’ క్త్వార్థం (‘చేసి’ వంటి అసమాపక క్రియ) కనుక యడాగమం (నడుమ ‘య’ చేరడం) వచ్చి విసంధి పోయింది. లెక్కా పూర్తయింది.

పూరణ 2
విక్రమాబ్దము పండ్రెండు వెలయునపుడు
మనకు యువనామ వర్షంబు మసలు వేళ
సీజరాజ్ఞను రోములోఁ జెల్లె నాఁడు
నాళ్ళొకేడాది నన్నూట నలువదైదు

సమీక్ష: చాలా మంచి ఊహ! ఛందస్సులో దోషం లేదు. గణితమూ సరే: సున్నా సంవత్సరం లేదు కనుక క్రీ.పూ. 46ను −45గా తీసుకోవాలి. 57 కలిపితే విక్రమ శకం 12, 3101 కలిపితే కలి గతాబ్దాలు (గడిచిన కలియుగ సంవత్సరాలు) 3056. దానికి 12 కలిపి 60తో భాగిస్తే శేషం 8. నడుస్తున్నది ప్రభవాది అరవై సంవత్సరాల్లో తొమ్మిదవది, యువ. చాలామంది −46తో మొదలుపెట్టి ఒక ఏడాది వెనక్కి పోతారు.

చిక్కల్లా ఏడాది హద్దు దగ్గరే. క్రీ.పూ. 45 జనవరి 1 నుంచి 445 రోజులు వెనక్కి లెక్కిస్తే, జూలియన్ లెక్కన, క్రీ.పూ. 47 అక్టోబరు నడుమకు చేరతాం. అంటే ఉగాది దాకా భావ, విక్రమ 11. రెండవ పాదం మారిస్తే చాలు:

భావయువలను రెంటిపైఁ బాదముంచి

ఎక్కువ నెలలు 12లోనే పడతాయి కనుక మొదటి పాదం ఉంచవచ్చు.

పూరణ 2 కర్త: సవరణకు ధన్యవాదాలు. విక్రముని పేరు నాటికి శకానికి ఉందా?

సమీక్ష: లేదు. తొలి శాసనాల్లో అది ‘కృత’, తర్వాత ‘మాలవ’. యువ కూడా మనం వెనక్కి లెక్కగట్టినదే. పద్యానికి అది దోషం కాదు.