ఆర్థిక సంఘం నిధులకు షరతులు, జనరల్ ఫండ్ ఖాళీ: చిన్న పంచాయతీ ఆదాయం పెంచే దారేది?

వార్డు సభ్యుడు, నల్గొండ జిల్లా
అందరికీ నమస్కారం. మాది 1,800 జనాభా ఉన్న పంచాయతీ. 2025 డిసెంబర్ ఎన్నికల్లో కొత్త పాలకవర్గం వచ్చింది. ట్రాక్టర్ కిస్తీ, డీజిల్, వీధిదీపాల కరెంటు బిల్లు, సఫాయి కార్మికుల జీతాలు పోను జనరల్ ఫండ్‌లో (పంచాయతీ సొంత ఆదాయ ఖాతాలో) ఏమీ మిగలట్లేదు. కాలనీలో సీసీ రోడ్డు, మురుగు కాలువ కావాలి. ఆర్థిక సంఘం నిధులు వీటికి వాడొచ్చా? పన్ను రేటు పెంచకుండా సొంత ఆదాయం పెరుగుతుందా?

పంచాయతీ పద్దులు
కాలువకూ రోడ్డుకూ ఒకే అంచనా వేయించకండి. 2021–26కు 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన నిధుల్లో 60 శాతం టైడ్ (చెప్పిన పనులకే వాడాల్సినవి), 40 శాతం అన్‌టైడ్ (ఊరి అవసరాన్ని బట్టి వాడేవి). టైడ్‌లో సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీటికి. అంటే 10 లక్షలు వస్తే 3 లక్షలు పారిశుద్ధ్యం, 3 లక్షలు నీళ్లు, 4 లక్షలు మీ ఊరి అవసరం. ఇళ్ల మురుగునీటి కాలువ, ఇంకుడు గుంతలు పారిశుద్ధ్యం కింద పెట్టొచ్చు. సీసీ రోడ్డు అన్‌టైడ్‌లోనే. రెండూ కలిపి ఒకే పనిగా రాస్తే టైడ్ డబ్బు ముట్టుకోలేరు, అన్‌టైడ్ ఏమో చాలదు.

అన్‌టైడ్ కదా అని జీతాలకు మళ్లించకూడదు. జీతాలు, ఆఫీసు ఖర్చులకు ఆ నిధి పనికిరాదు. అందుకే సొంత ఆదాయం లేకుండా ఏ పంచాయతీ నిలబడదు. 2024 ఫిబ్రవరిలో పాలకవర్గాల గడువు తీరి ప్రత్యేకాధికారులు వచ్చాక, ఈ గ్రాంటు ఆగి తెలంగాణలో ఇది అందరికీ అనుభవమైంది. ఎన్నికైన పాలకవర్గం ఉంటేనే ఈ గ్రాంటు అన్నది షరతు.

ఇంకొకటి, ఈ-గ్రామ్ స్వరాజ్‌లో (పంచాయతీల ప్రణాళిక, లెక్కల ఆన్‌లైన్ పోర్టల్‌లో) ఎక్కించిన ప్రణాళికలో లేని పనికి బిల్లు కాదు. గ్రామసభ తీర్మానంలో పని పేరు, చోటు, పొడవు స్పష్టంగా రాయించండి. ‘కాలనీ అభివృద్ధి’ అని రాస్తే తర్వాత ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) అంచనాతో, ఎం-బుక్‌తో (పని కొలతల పుస్తకంతో) పొంతన కుదరదు.

ఇంటి పన్ను డెస్క్
రేటు జోలికి ఇప్పుడే వెళ్లకండి, ముందు డిమాండ్ రిజిస్టర్ (ఏ ఇంటికి ఎంత పన్ను రావాలో రాసే పుస్తకం) సరిచేయండి. వసూలు శాతం 90 అని చెప్పుకునే ఊళ్లలో కూడా చాలాచోట్ల డిమాండే తక్కువగా ఉంటుంది. ఊళ్లో 510 ఇళ్లకు కరెంటు సర్వీసులుండి, రిజిస్టర్‌లో 420 అసెస్‌మెంట్లే (పన్ను వేసిన ఇళ్ల పద్దులే) ఉన్నాయనుకోండి. ఆ తేడా 90 ఎక్కడిదో ఇల్లిల్లూ తిరిగి చూడాలి. కొన్ని ఒకే ఇంటికి రెండు మీటర్లు కావచ్చు, మిగతావి రికార్డుకెక్కని ఇళ్లు.

టేపు పట్టుకుని వార్డువారీగా వెళ్లండి. పెంకుటిల్లు పడగొట్టి ఆర్సీసీ స్లాబు వేసినా పుస్తకంలో పెంకుటిల్లుగానే ఉంటుంది. పైఅంతస్తు లెక్కలోకి రాదు. కింద కిరాణా కొట్టు నడుస్తున్నా నివాసమనే రాసి ఉంటుంది. చనిపోయిన వాళ్ల పేర్ల మీదున్న అసెస్‌మెంట్లు వారసుల పేరుకు మార్చాలి, లేకపోతే నోటీసు తీసుకునేవాళ్లే ఉండరు. కొలతలు మారిన ప్రతి ఇంటికీ నోటీసు ఇచ్చి, అభ్యంతరాలకు గడువు పెట్టండి. నోటీసు లేకుండా పెంచితే గొడవ ఖాయం, అడిగేవాళ్లదే న్యాయం కూడా.

వసూలుకు వరి డబ్బులు చేతికొచ్చే వారాలు మంచివి. మార్చి ఆఖర్లో తిరిగితే సగం మంది ‘వచ్చే నెల’ అంటారు.

వార్డు సభ్యుడు, నల్గొండ జిల్లా
సర్వీసుల లిస్టు లైన్‌మన్‌ను అడుగుతాం. పోరంబోకులో ఉన్న ఇళ్లకు పన్ను వేస్తే హక్కు ఇచ్చినట్టవుతుందా? తైబజారు (సంతలో వసూలు చేసే రుసుము) ఆదాయం కూడా ఏటా తగ్గుతోంది.

పంచాయతీ పద్దులు
పన్ను రసీదు హక్కు పత్రం కాదు, ఆ మాట రసీదు మీదే ముద్ర వేయించండి. ఇల్లు ఉంది, పంచాయతీ నీళ్లు, దీపం వాడుతోంది కాబట్టి పన్ను వేయొచ్చు.

తైబజారు వేలం మార్చిలోనే పెట్టాలి. ఏప్రిల్ దాటితే ఆ వారాల డబ్బు పోయినట్టే. చుట్టుపక్కల ఊళ్లలో కూడా డప్పు వేయించండి. ఒక్కరే పాటకు వచ్చి తక్కువకు కొట్టుకుపోవడం ప్రచారం లేనిచోటే జరుగుతుంది. గత మూడేళ్ల పాట మొత్తాలు చూసుకుని సర్కారు పాట (వేలం మొదలయ్యే కనీస మొత్తం) నిర్ణయించండి. పాటదారు దగ్గర ధరావత్తు (డిపాజిట్), ఒప్పందం రెండూ లేకుండా సంత అప్పగిస్తే ఆరో నెలకు కిస్తీలు ఆగిపోతాయి, ఆ బకాయి ఏళ్లకేళ్లు పుస్తకంలోనే ఉంటుంది. పశువుకు ఎంత, గంపకు ఎంత అనే రేట్ల బోర్డు సంతలో కట్టించండి, చిన్న రైతు దగ్గర ఎక్కువ గుంజకుండా ఉంటుంది.

ట్రాక్టర్, ట్యాంకర్ ఖాళీగా ఉన్న రోజుల్లో పెళ్లిళ్లకు, ఇంటి పనులకు తీర్మానం చేసిన రేటుకు అద్దెకివ్వండి, లాగ్‌బుక్ రాయండి. ఊరి పరిధిలో స్థలాలు అమ్ముడవుతుంటే రిజిస్ట్రేషన్ మీద 1.5 శాతం ట్రాన్స్‌ఫర్ డ్యూటీ స్థానిక సంస్థలదే. సబ్ రిజిస్ట్రార్ లెక్కతో మీకు జమైనది పోల్చి చూడండి.

ఇంటి పన్ను డెస్క్
చేతికొచ్చిన పన్ను డబ్బును జమ చేయకుండా నేరుగా డీజిల్‌కు ఇచ్చేయడం ఆడిట్‌లో తరచూ దొరికే తప్పు. ముందు జమ, తర్వాతే ఖర్చు.

పీఎఫ్‌ఎంఎస్‌లో (ప్రభుత్వ ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థలో) చెల్లింపు ఆగితే ముందు మూడు చూడండి. కొత్త సర్పంచ్ డిజిటల్ సంతకం నమోదైందా, రెండో సంతకందారు డిజిటల్ సంతకం గడువు తీరిందా, పని చేసినవారి బ్యాంకు ఖాతా వివరాలు పాతవా? 2020లో ఆంధ్రా బ్యాంక్ యూనియన్ బ్యాంక్‌లో కలిసింది కదా, అప్పటి పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌తో ఉన్న ఖాతాలుంటే కొత్త పాస్‌బుక్ చూసి సరిచేయండి.