సార్ట్ కొట్టి చెడిపోయిన వడ్ల లెక్క: కొత్త చిట్టీలు పోకుండా పాత కాపీ తెచ్చుడెట్ల?

వేములపల్లి_రోడ్:
మిర్యాలగూడల రైస్ మిల్లు ఆఫీసు. యాసంగి వడ్ల కాంటా లెక్కంతా ఒకే ఎక్సెల్ ఫైల్ల ఉన్నది. వరుసగా కాంటా చిట్టీ (తూకం స్లిప్) నంబర్, రైతు పేరు, ఊరు, బండి నంబర్, నికర తూకం. మంగళవారం సాయంత్రం 4:20కి తూకం కాలమ్ ఒక్కటే సార్ట్ (చిన్న పెద్ద వరుసల పేర్చుడు) అయి సేవ్ అయింది. మొత్తం క్వింటాళ్లు సరిపోతున్నయి గాబట్టి గురువారం దాకా ఎవలకు తెలువలే. ఇప్పుడు ఒకరి తూకం ఇంకొకరి పేరు మీద ఉన్నది. పాత కాపీ తెస్తే తర్వాత ఎక్కించిన 140 చిట్టీలు పోతయి. విండోస్ 10ల ఫైల్ హిస్టరీ (ఫైళ్ల పాత కాపీలు దానంతటదే దాచే ఏర్పాటు) ఆన్‌లనే ఉన్నది, కాపీలు బయటి హార్డ్ డిస్క్‌ల పడుతయి. సిస్టమ్ రీస్టోర్ కొట్టాల్నా?

పాలమూరు_డెస్క్‌టాప్:
సిస్టమ్ రీస్టోర్ వద్దే వద్దు అన్నా. అది విండోస్‌ను, డ్రైవర్లను, ప్రోగ్రాములను వెనక్కి తీసుకపోతది గానీ మీ ఎక్సెల్ లెక్కను ముట్టదు. వెనక్కి పోయిన తేదీ తర్వాత ఎక్కించిన ప్రింటర్ డ్రైవర్ మాత్రం పోతది.

ముందుగాల ఇప్పుడున్న ఫైల్‌ను వేరే పేరుతో కాపీ చేసి పక్కన పెట్టుర్రి. పెన్ డ్రైవ్‌కు రోజూ అదే పేరుతో కాపీ కొడుతుంటే ఇయ్యాల ఆపుర్రి, లేకుంటే చెడిన ఫైల్ మంచిదాని మీద పడుతది.

తర్వాత కంట్రోల్ ప్యానెల్, ఫైల్ హిస్టరీ, రీస్టోర్ పర్సనల్ ఫైల్స్. ఆకుపచ్చ బటన్ నొక్కొద్దు, అది ఫైల్‌ను పాత జాగలనే పెడుతది. పక్కన గేర్ గుర్తు కింద ‘రీస్టోర్ టు’ ఎంచుకుని డెస్క్‌టాప్ మీద కొత్త ఫోల్డర్‌లోకి తీసుకోర్రి.

హార్డ్ డిస్క్‌ల నేరుగా వెతికితే ఫైల్ పేరు వెనక తేదీ, టైం కనపడుతయి. ఆ టైం యూటీసీ (ప్రపంచ ప్రామాణిక టైం), మన టైం కంటే 5:30 గంటలు వెనక. మీ 4:20 అక్కడ 10:50. గాబట్టి మంగళవారం 10_50 కంటే ముందు పడ్డ ఆఖరి కాపీ కావాలె. 15_47 అని ఉంటే అది రాత్రి 9:17ది, చెడిపోయినంక తీసినది.

ఫైల్ డీ డ్రైవ్‌ల ఉంటే మాత్రం కాపీ దొరకకపోవచ్చు. డాక్యుమెంట్స్ లాంటి లైబ్రరీలు, డెస్క్‌టాప్ తప్ప వేరే ఫోల్డర్లను మనం కలపకుంటే ఫైల్ హిస్టరీ తీసుకోదు.

గడియారం_చౌరస్తా:
పాత కాపీ దొరికినా ఇప్పటి ఫైల్ తీసేసి దాని జాగల పాతది పెట్టకుర్రి. మీ దాంట్ల చెడింది తూకం ఒక్కటే. పేర్లు, చిట్టీ నంబర్లు సరిగనే ఉన్నయి. ఇప్పటి ఫైల్లనే పక్కన ఖాళీ కాలమ్ పెట్టి, చిట్టీ నంబర్ ఆధారంగా పాత ఫైల్ల నుంచి తూకం వీలుకప్ (VLOOKUP) ఫార్ములాతో తెచ్చుకోర్రి. మొదలు చిట్టీ గడి, తర్వాత పాత షీట్ ఏ నుంచి ఈ దాకా, కాలమ్ 5, చివర్ల ఫాల్స్. ఫాల్స్ మరిస్తే దగ్గరి నంబర్ తూకం తెచ్చి పెడుతది, తప్పు అని కూడా చెప్పదు.

పాత కాపీల లేని చిట్టీలకు ‘ఎన్ఏ’ (#N/A, దొరకలేదని) వస్తది. 4:20 తర్వాత ఎక్కించినయి సరైనయే, అట్లనే ఉంచుర్రి. ఆ కాపీకీ 4:20కీ నడుమ పడ్డ చిట్టీలు మాత్రం కాంటా చిట్టీ చూసి చేతితో కొట్టాలె. చిట్టీ మీద టైం అచ్చయి ఉంటది. ఫైల్ హిస్టరీ మార్చకుంటే గంటకోసారి తీస్తది, అంటే గంటలోపు బండ్లే.

వేములపల్లి_రోడ్:
కాపీ దొరికింది, 3:52ది. కానీ పాత కాపీల కండ్లకు కనపడుతున్న 31 చిట్టీలకు కూడా ఎన్ఏ వస్తున్నది.

గడియారం_చౌరస్తా:
ఆ 31 చిట్టీ నంబర్ గడుల మూలకు చిన్న ఆకుపచ్చ త్రికోణం ఉన్నదా రెండు ఫైళ్లల చూడుర్రి. ఒక్క ఫైల్లనే ఉంటే అక్కడ నంబర్ అక్షరాల లెక్క పడ్డది. ఆ గడులు ఎంచుకుని పసుపు గుర్తు మీద ‘కన్వర్ట్ టు నంబర్’ నొక్కితే తూకాలు వస్తయి. తర్వాత ఆ తూకాలను కాపీ చేసి, ఫార్ములా లేకుండా పేస్ట్ స్పెషల్‌ల వాల్యూస్‌గా పెట్టుర్రి, లేకుంటే పాత ఫైల్ జరిపిన నాడు లింకు తెగుతది.

మొత్తం చూసి సరిపోయిందనుకోకుర్రి. కాలమ్ తారుమారైనా కూడిక మారదు. తక్‌పట్టీ (రైతుకిచ్చే లెక్క చీటీ) పుస్తకంల 20 పేర్లు తీసి, ఒక్కొక్కటి పోల్చుర్రి.

పాలమూరు_డెస్క్‌టాప్:
షీట్ల నడుమ ఖాళీ కాలమ్ ఉంటే తీసెయ్యుర్రి. అది ఉంటే ఎక్సెల్ ‘ఎక్స్‌పాండ్ ద సెలెక్షన్’ అని అడగకుండనే ఒక్క పక్క సార్ట్ చేస్తది. కంట్రోల్, టీ కొట్టి టేబుల్ చేస్తే ఏ కాలమ్ సార్ట్ చేసినా వరుస వరుసంతా కలిసి కదులుతది.