సింగం బాకటితో... చేట్పాటా, చేడ్పాటా?

వలసపక్షి:
పెద్దలకు నమస్కారం. ఒక పొల్లు హల్లు దగ్గర పదేళ్ళుగా ఇరుక్కుపోయి ఉన్నాను. తిక్కన విరాటపర్వంలో "సింగం బాకటితో గుహాంతరమునం" మీ అందరికీ నోటికొచ్చిన పద్యమే, ఆకలితో గుహలో ఉన్న సింహం ఏనుగుల మందని చూసి కోపంతో వచ్చినట్టు అర్జునుడు వస్తున్నాడన్నది. అందులో సింహం గుహలో "జేట్పాటుమై నుండి" వచ్చిందా, "జేడ్పాటుమై నుండి" వచ్చిందా?

ఎందుకు అడుగుతున్నానో చెప్తాను. 2015 డిసెంబరు 1. నాన్నగారు మా దగ్గరికి వచ్చి ఉన్నారు. బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్ రిటైరవుతున్నానని రెండు రోజుల ముందే ప్రకటించాడు, అతను పుట్టిన ఫిలడెల్ఫియాలో అదే ఆఖరి ఆట. టికెట్లు కొన్నది అతని కోసమే. మా ఫిలడెల్ఫియా జట్టు సెవెంటీసిక్సర్స్ అప్పటికి ఆ సీజన్లో 18 ఆటలు ఆడి 18 ఓడిపోయింది. అది ఉత్త చేతగానితనం కాదు, పై నుంచి వేసిన పథకం. అడుగున ఉన్న జట్టుకి, కొత్త ఆటగాళ్ళని జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ లాటరీలో, మంచి కుర్రాణ్ణి ముందు ఎంచుకునే అవకాశం ఎక్కువ. అందుకని రెండేళ్ళుగా ఆడేవాళ్ళని అమ్మేసి అడుగునే ఉంటున్నారు. దీన్ని ట్యాంకింగ్ అంటారని రైల్లో నాన్నగారికి చెప్తే, "అంటే పరీక్ష తప్పినవాడికి స్కాలర్‌షిప్పా?" అన్నారు.

ఆ రాత్రి మావాళ్ళు 103-91తో గెలిచేశారు! హాలంతా లేచి నిలబడింది. నాన్నగారు కూడా మఫ్లర్ సర్దుకుంటూ లేచి పద్యం ఎత్తుకున్నారు. సరిగ్గా "గుహాంతరమునం జే" దాకా వచ్చేసరికి ఆట ముగిసిన హారన్ మోగింది. తర్వాత నాకు వినబడింది "పాటుమై నుండి". మధ్యలో ట్ అన్నారో డ్ అన్నారో తెలియలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేరు.

నెల్లూరు మాస్టారు:
చేట్పాటు. చెడు నుంచి చేటు, పడు నుంచి పాటు, అంటే కీడు పడటం. పదమూడో అక్షరం మీద యతి చూసుకోండి, సిం-జే సరిపోయింది. "చేటుపాటు" అని విప్పితే తగణం చెడుతుంది కాబట్టి ఉకారం ఎగిరిపోయి ట్ మిగిలింది. ఇందులో చర్చకేముంది?

అరసున్న:
మాస్టారూ, యతి "జే"కి సాక్ష్యం చెప్తుంది గాని ట్‌కి చెప్పదు. ట్ అయినా డ్ అయినా శార్దూల వృత్తం నడక చెక్కుచెదరదు. మా తాతగారి నోట నేను విన్నది "జేడ్పాటుమై". పైగా తోడ్పాటు ఉంది కదా. ఎవరైనా తోట్పాటు అంటారా?

నెల్లూరు మాస్టారు:
తోడ్పాటుకి మూలం తోడు. అక్కడ డ్ పుట్టుకతోనే ఉంది. మీరు "చేడు" అనే మాట చూపించండి, అప్పుడు మాట్లాడదాం.

అరసున్న:
చూపిస్తాను. ఇంట్లో నిఘంటువు అటకమీద ఉంది.

డాలస్ బాబాయ్:
అక్షరం సంగతి మీరు తేల్చుకోండి. నాకు అసలు పోలికే నచ్చలేదు. తిక్కన సింహం ఎవరు? అజ్ఞాతవాసం నుంచి బయటికొచ్చిన అర్జునుడు. "కాంతార నివాస ఖిన్నమతి" అని పద్యంలోనే ఉంది, అడవుల్లో ఉండి ఉండి మనసు నొచ్చినవాడు. అది మీదపడ్డ కష్టం. ఫిలడెల్ఫియావాళ్ళది తెచ్చిపెట్టుకున్న దరిద్రం. 2013-14లో 19 గెలుపులు, తర్వాత ఏడాది 18, ఆ తర్వాత 10. ఆ మూడో ఏడాది పూర్తికాకముందే పథకం వేసిన మేనేజర్ శామ్ హింకీయే వెళ్ళిపోయాడు. సింహం ఎక్కడన్నా నేను మూడేళ్ళు గుహలో పడుకుంటాను, లాటరీలో ఏనుగు తగులుతుంది అని లెక్క వేసుకుంటుందా?

వలసపక్షి:
బాబాయ్, అదే నా రెండో ప్రశ్న. చేట్పాటు అంటే వచ్చిపడ్డదేనా, తెచ్చుకున్నది కూడా అవుతుందా?

పదచకోరం:
నా సిద్ధాంతం వినండి. "-పాటు"తో ముగిసేవన్నీ "పడు" సంతానం. పొరపాటు, తడబాటు, ఎడబాటు, వెనకబాటు, గ్రహపాటు. ఏదీ మనిషి కోరి చేసేది కాదు, మీద వచ్చి పడేది. కాబట్టి చేట్పాటులోనే "కావాలని కాదు" అన్న అర్థం ఉంది. కావాలని ఓడేవాళ్ళకి ఈ మాట వాడటం వ్యాకరణమే ఒప్పుకోదు.

అరసున్న:
మరి ఏర్పాటు? సర్దుబాటు? కట్టుబాటు? ఇవి కూడా మీదపడేవేనా? పెళ్ళి ఏర్పాట్లు వాటంతట అవే జరిగిపోయి ఉంటే మా అన్నయ్య బీపీ మాత్రలు వేసుకునేవాడు కాదు.

పదచకోరం:
ఏర్పాటు "చేస్తాం". ఆ బాధ్యత చేయుది, పాటుది కాదు. తిక్కన "చేట్పాటు చేసి" అనలేదు, "చేట్పాటుమై నుండి" అన్నాడు. ఉండటమే ఉంది అక్కడ, చేయడం లేదు.

గళ్ళనుడికట్టు:
మీరంతా "మై"ని వదిలేశారు. మై అంటే ఒళ్ళు కూడా. మైపూత, మైమరపు. చేట్పాటు మై, అంటే చిక్కి శల్యమైన ఒంటితో అని నేను చెప్పుకుంటాను.

నెల్లూరు మాస్టారు:
అమ్మాయ్, ఆ మై "తో" అనే అర్థంలో వచ్చే మెయి. "ఒక్కమెయి" లాంటిది. ఒళ్ళూ కాదు, పూతా కాదు. తిక్కన చదువుతూ గళ్ళు నింపకూడదు.

గళ్ళనుడికట్టు:
"తో" ఆల్రెడీ ఆకటితోలో ఉంది కదండీ మాస్టారూ. ఒకే వాక్యంలో ఒకే అర్థానికి రెండు ప్రత్యయాలు తిక్కన ఎందుకు ఖర్చు పెడతాడు? ఆయనంత పొదుపరి ఇంకెవరు? నా ఒళ్ళు నేను వదులుకోను.

తొండి:
హైదరాబాద్ నుంచి ఒక చిన్న మనవి. ట్యాంకింగ్‌కి తెలుగు మాట వెతుకుతుంటే తిక్కన దగ్గరికే వెళ్ళారు, బాగుంది. ఆయన విగ్రహం ట్యాంక్‌బండ్ మీదే ఉంది. 😄 నా ఓటు మాత్రం "కొంగజపం"కి. ఒంటికాలి మీద కళ్ళు మూసుకుని నిలబడటం, చూసేవాళ్ళకి తపస్సు, కొంగకి చేప.

డాలస్ బాబాయ్:
కొంగకి చేప గ్యారంటీ అయ్యా, వీళ్ళకి అదీ లేదు. ఒకప్పుడు అట్టడుగు జట్టుకి మొదటి పిక్, అంటే అందరికన్నా ముందు ఎంచుకునే వంతు, దక్కే అవకాశం 25 శాతం. ఈ కొంగలు ఎక్కువయ్యాయని 2019లో అడుగున ఉన్న మూడు జట్లకీ సమానంగా 14 శాతం చేశారు. ఆ లెక్కలో చిట్టచివర ఉన్నవాడు ఐదో పిక్‌కి పడిపోయే అవకాశమే 47.9 శాతం. డెట్రాయిట్ 2023-24లో వరసగా 28 ఓడింది, మొత్తం 14 గెలుపులు. దక్కింది ఐదో పిక్. ఆ తర్వాత ఏడాది యూటా 17 గెలిచి చివర నిలబడింది, దానికీ ఐదోదే. మరి మొదటి పిక్ ఎవరికి? 39 ఆటలు గెలిచిన మా డాలస్‌కి! 1.8 శాతం అవకాశంతో కూపర్ ఫ్లాగ్ అనే కుర్రాడు వచ్చాడు. మేం గుహలోకి వెళ్ళనే లేదు.

వలసపక్షి:
బాబాయ్, 2023 ఏప్రిల్ మర్చిపోయారా? షికాగోతో ఆటలో ముఖ్యమైనవాళ్ళని కూర్చోబెట్టి, ఓడి, పిక్ కాపాడుకున్నందుకు మీ డాలస్‌కి లీగ్ ఏడున్నర లక్షల డాలర్ల జరిమానా వేసింది. గుహలోకి వెళ్ళకపోతే ఆ మట్టి ఎలా అంటింది?

డాలస్ బాబాయ్:
అది ఒక్క రాత్రి. మధ్యాహ్నం కునుకులాంటిది.

పదచకోరం:
సందర్భం వచ్చింది కాబట్టి అంటున్నాను, అదే విరాటపర్వంలో దుర్యోధనుడితో భీష్ముడి మాట, "వచ్చినవాఁడు ఫల్గుణుఁ డవశ్యము గెల్తు మనంగరాదు". రెండో పాదంలో "పెనంగిన బలంబులు రెండును గెల్వ నేర్చునే" అంటాడు. రాజ్యలక్ష్మి కోసం పోట్లాడే రెండు సేనలూ గెలుస్తాయా అని. సీజన్ చివర్లో రెండు ట్యాంకింగ్ జట్లు ఎదురుపడితే దీన్ని తిరగేసి చదువుకోవాలి. పెనంగిన బలంబులు రెండును ఓడ నేర్చునే?

నెల్లూరు మాస్టారు:
ఆహా! భీష్ముడు వింటే అంపశయ్య ముందే వేయించుకునేవాడు. ఆ పద్యంలో "రాలచ్చి" అన్న మాట చూడండి. రాజ్యలక్ష్మి అని అనలేక కాదు. కౌరవుల పెద్దాయన నోట అచ్చంగా ఇంట్లో మాట్లాడే మాట పెట్టాడు. యుద్ధం ముంగిట్లో నిలబడి లచ్చి అనగలవాడు తిక్కన ఒక్కడే. మా ఊరివాడని అనడం లేదు.

అరసున్న:
మీ ఊరివాడనే అంటున్నారు మాస్టారూ, ఏటా అంటారు. కానివ్వండి. అదే పర్వంలో విరాటుడు కోపం పట్టలేక పాచికతో కొడితే కంకుభట్టు ముక్కున నెత్తురు కారుతుంది. ద్రౌపది ఆ నెత్తురు నేల పడకుండా పట్టుకుంటుంది. అదీ మరుగున ఉండటమంటే. ధర్మరాజు చేతగాక కొట్టించుకున్నాడా, గడువు కోసం కొట్టించుకున్నాడా? చేట్పాటు తెచ్చుకున్నది కాకూడదు అన్న పదచకోరం గారు దీనికి జవాబు చెప్పాలి.

పదచకోరం:
అది ఒప్పందం. పదమూడో ఏట బయటపడితే మళ్ళీ పన్నెండేళ్ళు అడవి. పట్టుబడితే శిక్ష ఉంది. బాస్కెట్‌బాల్లో పట్టుబడితే ఏముంది, డాలస్ బాబాయ్ గారి జరిమానా తప్ప?

తొండి:
వేమన్న సంగతి ఎవరూ ఎత్తరేం? "అనువుగాని చోట అధికులమనరాదు". కొండ అద్దంలో కొంచెమై ఉండదా? ట్యాంకింగ్‌కి ఇంతకన్నా వకాల్తా ఏం కావాలి?

గళ్ళనుడికట్టు:
అద్దంలో చిన్నగా కనబడటానికి కొండ ఏమీ చేయదు తమ్ముడూ. ఎక్కడి రాయి అక్కడే ఉంటుంది. ఫిలడెల్ఫియావాళ్ళు రాళ్ళు అమ్మేశారు.

ఓక్లహోమా కోడలు:
నేను ఆలస్యంగా వచ్చాను. మా ఓక్లహోమా జట్టు థండర్ ఊసే లేదేమిటి? 2020-21లో 22 గెలుపులు, తర్వాత ఏడాది 24. అప్పుడు మేమూ గుహలోనే ఉన్నాం, దాచుకోవడం ఎందుకు. 2022లో రెండో పిక్‌గా చెట్ హోల్మ్‌గ్రెన్ వచ్చాడు, 2025లో టైటిల్ వచ్చింది. సింహం బయటికొచ్చిందా లేదా?

డాలస్ బాబాయ్:
కోడలా, మీ సింహం షే గిల్జస్-అలెగ్జాండర్. అతను 2019లో పాల్ జార్జ్‌ని క్లిప్పర్స్ జట్టుకి ఇచ్చిన బేరంలో వచ్చాడు. జేలెన్ విలియమ్స్ పన్నెండో పిక్, అదీ క్లిప్పర్స్ నుంచి వచ్చిందే. మీది గుహ కాదు తల్లీ, సంత. బేరం బాగా చేశారు. అంత గొప్ప ఆటగాడు యోకిచ్ అయితే 41వ పిక్. ఓడి తెచ్చుకున్నవాడా అతను?

వలసపక్షి:
మా వైపు లెక్క కూడా చెప్పేస్తాను, దాచను. మూడో పిక్‌గా వచ్చిన ఎంబీడ్ దెబ్బలతో మొదటి రెండు సీజన్లూ ఆడలేదు. నాన్నగారు వచ్చిన రాత్రి కూడా అతను ఆడలేదు. 2016లో మొదటి పిక్, 2017లో మళ్ళీ మొదటి పిక్. 2019లో టొరంటోతో ఏడో ఆట ఆఖరి క్షణంలో కవాయ్ లెనర్డ్ వేసిన బంతి రింగు మీద నాలుగుసార్లు ఎగిరి లోపల పడింది. మేం రెండో రౌండులోనే ఇంటికి. అయినా ఎంబీడ్ ఆడుతుంటే చూసినవాణ్ణి, ఆ మూడేళ్ళు దండగ అనడానికి నోరు రాదు.

గళ్ళనుడికట్టు:
నేను ఆటలు చూడను, పద్యమే చూస్తాను. మీరంతా చేట్పాటు మీద పడ్డారు గాని మొదటి మాట "ఆకటితో". సింహానికి ఆకలి ఉంది. అందుకే "మాతంగ స్ఫూర్జిత యూధ దర్శన", ఏనుగుల మంద కంటబడగానే లేచింది. రోజూ ఓడిపోవడానికే ఆడించిన కుర్రాళ్ళకి ఆ ఆకలి మిగులుతుందా? వలసపక్షి గారూ, ఆ రాత్రి మీ నాన్నగారు "ఆకటితో" అనేటప్పుడు ఒత్తి పలికారా?

వలసపక్షి:
మీరు అడిగాక గుర్తొచ్చింది. "ఆకటితో" దగ్గర ఆగారు. ఆగి, ఆడుతున్న కుర్రాళ్ళవైపు చేయి చూపించారు. అందులో సగంమందికి ఆ జట్టులో మళ్ళీ ఏడాది చోటుంటుందో లేదో తెలియదు. వాళ్ళు ఓడిపోవాలని ఆడలేదండీ. ఆ పథకం ఆఫీసు గదిలోది, వాళ్ళది కాదు. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో నాన్నగారు ఒక్కటే అడిగారు, "మరి రోజూ ఇలా ఆడొచ్చుగా?" నేను లాటరీ శాతాలు మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. వింటూ నిద్రపోయారు.

పదచకోరం:
అయితే నా సిద్ధాంతమే నిలిచింది. కుర్రాళ్ళ మీద వచ్చిపడింది కాబట్టి అది చేట్పాటే.

అరసున్న:
ఆఫీసు గది వైపు నుంచి చూస్తే ఏర్పాటు. నా సిద్ధాంతమూ నిలిచింది.

తొండి:
పెద్దలారా, చివరి పాదంలో "కుంతీసుతమధ్యముండు" అని ఉంది కదా. కుంతి కొడుకులు ముగ్గురిలో మధ్యవాడు భీముడు కదా, ఈ పద్యం అర్జునుడిది ఎలా అయింది?

నెల్లూరు మాస్టారు:
ఎవరయ్యా మళ్ళీ ఆ పుట్ట తవ్వింది! ఐదుగురిలో నడిమివాడు అర్జునుడు.

గళ్ళనుడికట్టు:
మాద్రి కొడుకులు "కుంతీసుతులు" ఎలా అవుతారండీ?

డాలస్ బాబాయ్:
కర్ణుణ్ణి కలిపితే నలుగురు. అప్పుడు అసలు నడిమివాడే ఉండడు.

నెల్లూరు మాస్టారు:
దీనికి వేరే చర్చ పెట్టండి. ఇక్కడ ట్ తేలలేదు. అరసున్న గారూ, "చేడు" దొరికిందా?

అరసున్న:
అటక నిచ్చెన పక్కింటివాళ్ళు తీసుకెళ్ళారు. ఆదివారం ఇస్తామన్నారు.

వలసపక్షి:
నాన్నగారి భారతం సంపుటాలు రాజమండ్రిలో చెల్లెలి ఇంట్లో ఉన్నాయి. విరాటపర్వం ఫొటో తీసి పంపమన్నాను. పంపింది. పద్యం పక్కన మార్జిన్లో ఆయన పెన్సిల్‌తో ఏదో రాసుకున్నారు గాని పేజీ మడతలో పడి సగమే వచ్చింది. మళ్ళీ తీయమని చెప్పాను. అక్కడ ఇప్పుడు అర్ధరాత్రి.