లైబ్రరీ కొన్న సినిమా లైబ్రరీదేనా? డిస్కులా, స్ట్రీమింగ్ లైసెన్సా?

బీరువా_తాళాలు (చర్చ మొదలుపెట్టింది):
అందరికీ నమస్తే. కాలేజీ లైబ్రరీలో వీడియో సెక్షన్ చూస్తాను, పదకొండేళ్లయింది. ఈసారి కమిటీవాళ్లు డీవీడీలు కొనడం ఆపేసి ఆ డబ్బంతా స్ట్రీమింగ్ లైసెన్సులకి పెట్టమంటున్నారు, నేను ఒప్పుకోవట్లేదు. ఎందుకంటే మూడేళ్ల లైసెన్సు మీద తీసుకున్న డాక్యుమెంటరీలు కిందటేడు సెమిస్టర్ మధ్యలో గడువు తీరి తెల్లారేసరికి కెటలాగులోంచి పోయాయి, ఒక మేడం అందులో ఒకదాని మీద అసైన్‌మెంట్ కూడా ఇచ్చి ఉన్నారు, రెన్యూ చేద్దామని అడిగితే ఆ సినిమా హక్కులు ఇప్పుడు మా దగ్గర లేవన్నారు పంపిణీదారులు, ఎవరి దగ్గరున్నాయో కూడా చెప్పలేదు. నేను చేరేనాటికే పాతదైన డిస్కు మాత్రం ఈ రోజుకీ ఆడుతోంది. డబ్బులిచ్చి తెచ్చిన సినిమా మనదా కాదా? ఇదొక్కటే నా ప్రశ్న.

రేపటి_క్లాసు:
నేను ఆ మేడం లాంటిదాన్నే, సినిమా పాఠాలు చెప్తాను. సార్, మీ బాధ అర్థమైంది కానీ మా క్లాసులో అరవై మంది ఉంటే డిస్కు పెట్టుకునే డ్రైవ్ ఉన్న లాప్‌టాప్ ఒక్కరి దగ్గరా లేదు. పోనీ ప్లేయర్ దొరికిందనుకోండి, ఉన్న ఒక్క డిస్కు ఒక్కొక్కరు రెండ్రోజులు ఉంచుకుంటే అరవయ్యోవాడి చేతికొచ్చేసరికి నాలుగు నెలలు, సెమిస్టరే అయిపోతుంది. బీరువాలో ఉండటం వేరు, పిల్లలు చూడటం వేరు.

సైలెన్స్_ప్లీజ్:
మా దగ్గరా ఇదే గొడవ. ఫాలో అవుతున్నా.

చట్టం_ముక్క:
మనదా కాదా అంటే, డిస్కు మీది, సినిమా మీది కాదు. అమెరికాలో దీన్ని ఫస్ట్ సేల్ అంటారు, 1908లోనే అక్కడి సుప్రీంకోర్టు ఒక పుస్తకం కేసులో చెప్పింది, ఇప్పుడున్న 1976 కాపీరైట్ చట్టంలో సెక్షన్ 109. సక్రమంగా తయారైన కాపీని కొన్నవాడు దాన్ని అరువివ్వొచ్చు, తిరిగి అమ్ముకోవచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు. అక్కడి లైబ్రరీలు సినిమా డిస్కులు ఇళ్లకి ఇచ్చేది దీని బలం మీదే. ఇండియాలో దారి వేరు. సినిమా కాపీని అద్దెకివ్వడం హక్కుదారు చేతిలో ఉంటుంది, కానీ 2012 సవరణలో కమర్షియల్ రెంటల్ అనే మాటకి అర్థం రాస్తూ, లాభాపేక్ష లేని లైబ్రరీ సక్రమంగా సంపాదించిన కాపీని అరువిస్తే అది దాని కిందకి రాదని పెట్టారు. స్ట్రీమింగ్‌లో అసలు మీ చేతికి కాపీయే రాదు, కాంట్రాక్టు వస్తుంది, అందులో ఏం రాసుంటే అంతే. ఇంకో సంగతి, డిస్కు కొన్నంత మాత్రాన హాల్లో తెర కట్టి జనానికి వేయకూడదు. దానికి పబ్లిక్ పర్ఫార్మెన్స్ రైట్స్ విడిగా తీసుకోవాలి, పీపీఆర్ అంటారు.

బీరువా_తాళాలు:
థాంక్సండీ, కానీ హాల్లో వేయడం గురించి నేను అడగలేదు. ఉంటుందా పోతుందా అని అడిగాను.

చట్టం_ముక్క:
అడగకపోయినా లైబ్రరీలు ఎక్కువగా తప్పు చేసేది అక్కడే. టికెట్ లేదు కదా, ఊరికే కదా అంటారు. ఊరికే వేసినా పబ్లిక్ పబ్లిక్కే. తరగతిలో టీచరు పాఠంలో భాగంగా ఎదురుగా ఉన్న పిల్లలకి చూపిస్తే అమెరికాలో 110(1) కింద మినహాయింపు ఉంది. ఇండియా చట్టంలో సెక్షన్ 52 కింద, చూసేది ఆ విద్యాసంస్థ సిబ్బంది, విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు, ఆ కార్యక్రమాలతో సంబంధం ఉన్నవాళ్లు అయితే సరిపోతుంది. బయటివాళ్లని పిలిచి ఫిల్మ్ క్లబ్ పెట్టారా, అది వర్తించదు.

బీరువా_తాళాలు:
మా కాలేజీలో ఫిల్మ్ క్లబ్బే లేదండీ బాబూ.

రీలు_మార్చండి:
లైసెన్సు అని ఒక్క మాటలో అంటున్నారు గానీ అందులో చాలా రకాలున్నాయి. సంవత్సరానికి ఇంత అని కట్టి మొత్తం కెటలాగు తీసుకునేది ఒకటి, ఒక్కో సినిమాకి ఏడాదో మూడేళ్లో కొనుక్కునేది ఒకటి, ఫైలు ఇచ్చేస్తే మన సర్వర్లో పెట్టుకునేది ఒకటి. చూసినప్పుడల్లా బిల్లు పడేది ఇంకోటి, అదే భయంకరం. కనోపీ అని లైబ్రరీల ద్వారా సినిమాలు స్ట్రీమ్ చేసే కంపెనీ ఉంది, వాళ్లు కాలేజీలకి ఒకప్పుడు పెట్టిన పద్ధతిలో ఒక సినిమాని నాలుగుసార్లు ఎవరైనా ముప్పై సెకన్లు దాటి చూస్తే చాలు, ఏడాది లైసెన్సు దానంతటదే కొన్నట్టయ్యేది, దాదాపు 150 డాలర్లు. అంటే ఏం కొనాలో లైబ్రేరియన్ కాదు, క్లిక్కులు నిర్ణయిస్తాయి. న్యూయార్క్, బ్రూక్లిన్, క్వీన్స్ పబ్లిక్ లైబ్రరీలు మూడూ ఖర్చు భరించలేక 2019 జులై 1 నుంచి కనోపీ ఆపేశాయి. అంత పెద్ద లైబ్రరీలకే సాధ్యం కాలేదు.

రేపటి_క్లాసు:
జనం చూశారు కాబట్టే అంత ఖర్చయింది, దాన్ని నష్టం అంటారేంటి? పుస్తకాలు బాగా పోతున్నాయని ఏ లైబ్రరీ అయినా బాధపడుతుందా?

రీలు_మార్చండి:
పుస్తకం పదిసార్లు పోతే పదిసార్లు డబ్బు కట్టరు కదా మేడం.

తెర_వెనక:
ఇన్ని పోస్టులయ్యాయి, సినిమా తీసినవాళ్లకి ఏం మిగులుతుందో ఒక్కరూ అడగలేదు కాబట్టి చెప్తున్నా. నేను డాక్యుమెంటరీలు తీస్తాను. నా సినిమాకి రెండు ధరలుంటాయి, ఇంట్లో చూసుకునేవాళ్లకి ఒకటి, సంస్థలకి ఇంకోటి, సంస్థల ధరలో పీపీఆర్ కలిసే ఉంటుంది. ఒక కాలేజీ (పేరు చెప్పను) ఇంటి ధరకి ఒక్క డిస్కు కొంది. రెండేళ్ల తర్వాత తెలిసింది ఏంటంటే దాన్ని ఫైలుగా మార్చి వాళ్ల సర్వర్లో పెట్టేశారు, ఏటా కొత్త బ్యాచ్ మొత్తం చూస్తోంది. నేను అడిగితే లైబ్రేరియన్ గారు ఏమన్నారో తెలుసా, మీ సినిమా పిల్లలకి చేరుతోంది సంతోషించండి అన్నారు. నాలుగేళ్లు తిరిగి తీసిన సినిమా అది. మళ్లీ మీరే ఇక్కడ కొన్నది మాది కాదా అని అడుగుతున్నారు.

బీరువా_తాళాలు:
మేడం నేను ఆ లైబ్రేరియన్ని కాదు. నా దగ్గర సంస్థ ధరకి కొన్న ప్రతి డిస్కు బిల్లూ ఫైల్లో ఉంది. ఎవరో చేసిన దొంగతనానికి మమ్మల్నందర్నీ దొంగల్ని చేయకండి.

తెర_వెనక:
దొంగ అన్న మాట మీరు వాడారు, నేను వాడలేదు.

చట్టం_ముక్క:
ఇలాంటిదే 2010లో అమెరికాలో యూసీఎల్‌ఏ అనే యూనివర్సిటీ మీద కేసైంది, డిస్కుల్ని క్లాసుల కోసం స్ట్రీమ్ చేసినందుకు. కోర్టు కొట్టేసింది, అయితే ప్రభుత్వ యూనివర్సిటీకి ఉండే రక్షణ, కేసు వేసిన సంఘానికి అర్హత లేకపోవడం, ఇవీ అందులో పెద్ద కారణాలే. కాబట్టి ఎవరైనా ఆ తీర్పు చూపించి మేమూ చేసుకోవచ్చు అంటే నమ్మకండి.

బీరువా_తాళాలు:
సరే కాపీ సంగతి వచ్చింది కాబట్టి నా కడుపుమంట కూడా వినండి. సంస్థ ధర, అంటే ఇంటి ధరకి ఎన్నో రెట్లు, పెట్టి ఒక సెట్టు కొన్నాం, మూడో డిస్కు గీతలు పడి ఆగిపోతోంది, ఒక్క డిస్కు మార్చి ఇవ్వమంటే మొత్తం సెట్టు మళ్లీ అదే ధరకి కొనమన్నారు. ఒక్క కాపీ తీసి పెట్టుకుని ఉంటే ఈ అవస్థ ఉండేదా? అలా తీసుకోకూడదంట, నేను తీసుకోలేదు కూడా, చట్టం పాటించినందుకు నాకు దక్కింది ఆగిపోయే డిస్కు.

చట్టం_ముక్క:
ఇక్కడ మీ కోపం న్యాయమే. అమెరికాలో సెక్షన్ 108 కింద పాడైపోతున్నదానికి, లేదా కాలం చెల్లిన ఫార్మాట్‌లో ఉన్నదానికి లైబ్రరీ మూడు కాపీల వరకు తీసుకోవచ్చు, కానీ ముందు సరసమైన ధరకి కొత్తది దొరకదని వెతికి తేల్చుకోవాలి, డిజిటల్ కాపీ అయితే లైబ్రరీ దాటి బయటికి ఇవ్వకూడదు. వీహెచ్‌ఎస్ టేపులకి ఇది బాగా పనికొస్తుంది, చివరిదాకా వీసీఆర్‌లు తయారుచేసిన ఫునాయ్ కంపెనీ కూడా 2016లో ఆపేసింది కాబట్టి. ఇండియా చట్టంలో లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీ దగ్గర డిజిటల్ కాని కాపీ ఉంటే భద్రపరచడానికి ఎలక్ట్రానిక్‌గా దాచుకోవచ్చని ఉంది. డీవీడీ పుట్టుకతోనే డిజిటల్. అంటే టేపుకి దొరికిన ఆ దారి డిస్కుకి దొరకదు.

సైలెన్స్_ప్లీజ్:
ఈ పాయింట్ నాకు ఇంతవరకూ తెలీదు. మా టేపుల బాక్సులు ఎక్కడున్నాయో రేపే వెతుకుతా.

రేపటి_క్లాసు:
క్షమించండి, మీరందరూ దాచడం గురించే మాట్లాడుతున్నారు. సార్, సూటిగా అడుగుతా, మీ బీరువాలో ఉన్న డిస్కుల్లో కిందటేడు ఒక్కసారైనా బయటికెళ్లినవి ఎన్ని? ఎవరూ ముట్టుకోని డిస్కుల కోసం నా క్లాసు డబ్బు ఎందుకు పోవాలి?

బీరువా_తాళాలు:
సగం కూడా వెళ్లలేదు, అబద్ధం చెప్పను. కానీ ఎవరూ అడగని ఏడాదే కదా దాన్ని కాపాడాల్సింది, అందరూ అడిగేదాన్ని కాపాడటానికి లైబ్రరీ ఎందుకు, అది బజార్లో దానంతటదే ఉంటుంది. నెట్‌ఫ్లిక్స్ వాళ్లు అమెరికాలో పోస్టులో ఇళ్లకి డిస్కులు అద్దెకి పంపేవాళ్లు, 2023 సెప్టెంబరులో అది ఆపేశాక, అలా దొరికే పాత సినిమాల్లో ఎన్ని వాళ్ల స్ట్రీమింగ్‌లోకి వచ్చాయంటారు? ఈ రోజు ఆ ప్లాట్‌ఫాంల కోసమే తీసిన సినిమాల్లో చాలావాటికి డిస్కూ రాదు, లైబ్రరీకి లైసెన్సూ ఇవ్వరు, మనం డబ్బు పట్టుకుని నిలబడినా కొనలేం. ఇరవై ఏళ్ల తర్వాత మీలాంటి ఇంకో మేడం వచ్చి ఈ కాలం సినిమాలు చూపించాలి అంటే నేను కాలం చేసిన లింకులు చూపించాలా?

రేపటి_క్లాసు:
ఇరవై ఏళ్ల తర్వాత వచ్చే మేడం కోసం ఇప్పుడు నా ముందు కూర్చున్న అరవై మంది సినిమా చూడకుండా పాస్ అవ్వాలా? అదండీ మీరు అడుగుతున్నది. సబ్‌టైటిల్స్ లేని పాత డిస్కులో వినికిడి లోపం ఉన్న మా స్టూడెంట్ ఏం చూస్తుంది, స్ట్రీమింగ్‌లో ఆ అమ్మాయి మొదటిసారి సినిమా మొత్తం ఫాలో అయింది. నేను చూశాను ఆ మొహం.

బీరువా_తాళాలు:
ఇది నేను ఆలోచించలేదు మేడం. నిజంగా.
తెర_వెనక గారూ, మిమ్మల్నొకటి అడుగుతా. ఫైలు మా సర్వర్లో, మా కాలేజీ లాగిన్‌తో మాత్రమే, సబ్‌టైటిల్స్‌తో, గడువు లేకుండా ఇస్తారా? సంస్థ ధరకి రెండింతలైనా కమిటీని ఒప్పిస్తా.

తెర_వెనక:
ఐదేళ్లకి ఇస్తా. గడువు లేకుండా ఇవ్వను. ఒకసారి ఇచ్చాను, ఫైలు ఉన్నన్నాళ్లూ అని రాసిచ్చాను, తర్వాత ఆ కాలేజీ ఇంకో నాలుగు కాలేజీలతో కలిసి ఒకే లైబ్రరీ అయింది, ఇప్పుడు ఒక్క ధరకి ఐదు కాలేజీలు చూస్తున్నాయి. కాంట్రాక్టులో క్యాంపస్ అని రాశారు, ఎన్ని క్యాంపస్‌లన్నది రాయలేదు. చిన్న సినిమాలకి లైబ్రరీలే మార్కెట్టండీ, థియేటర్ ఉండదు, మళ్లీ మళ్లీ వచ్చే రెన్యువల్ డబ్బుతోనే నా తర్వాతి సినిమా మొదలవుతుంది.

బీరువా_తాళాలు:
ఐదేళ్లకి రెన్యూ చేయడానికి నేను ఈ సీట్లో ఉండను. నా తర్వాత వచ్చేవాళ్లకి ఆ సినిమా ఉందని కూడా తెలీదు, మీ ఈమెయిల్ మారుతుంది, పంపిణీదారు మూసేస్తాడు, అప్పుడు పోతుంది. నా దగ్గర జరిగింది సరిగ్గా అదే.

తెర_వెనక:
అంటే మీరు నన్ను నమ్మరు. నేను మిమ్మల్ని నమ్మను. గంటసేపటినుంచి చట్టం, డిస్కు అంటున్నాం గానీ విషయం ఇదీ.

చట్టం_ముక్క:
క్యాంపస్‌లు, విద్యార్థుల సంఖ్య అంకెల్లో రాయండి, సంస్థ విలీనమైతే అదనపు రుసుం అని ఒక వాక్యం చేర్చండి. హక్కులు చేతులు మారినా ఈ ఒప్పందం కొత్తవాళ్లకీ వర్తిస్తుందని ఇంకో వాక్యం. రెండోది లేకపోతే మొదటిది ఉన్నా మీకు ఉపయోగం లేదు సార్.

తెర_వెనక:
విలీనం వాక్యం ఉంటే పదేళ్లకి ఆలోచిస్తా. గడువు లేకుండా మాత్రం లేదు.

బీరువా_తాళాలు:
పదేళ్లు, దానితోపాటు బీరువాలో ఒక డిస్కు. ఆ డిస్కుకి గడువు ఉండకూడదు. స్ట్రీమింగ్ ఆగిపోయినా అది నా దగ్గరే ఉంటుంది, ఒక్కొక్కరికి అరువిస్తా, అంతే.

తెర_వెనక:
డిస్కులు నేను ఇప్పుడు తయారు చేయించట్లేదండీ. ఐదారు పాతవి మిగిలాయి ఇంట్లో, వెతకాలి.

బీరువా_తాళాలు:
వెతకండి మేడం. కమిటీ మీటింగ్ గురువారం.