పామున్న యింటిలో: తిక్కన పద్యం మీద చర్చ

ఆదోని నుంచి: ఉద్యోగపర్వంలో, రాయబారానికి ముందు ధర్మరాజు కృష్ణుడితో అనే ఆటవెలది ఇది.

పగయె కలిగెనేనిఁ బామున్న యింటిలో
నున్న యట్ల కాక యూఱడిల్లి
యుండు నెట్లు చిత్త మొకమాటుఁ గావున
వలవ దధిక దీర్ఘ వైరవృత్తి

'ఒకమాటు' దేనికి అన్వయించాలి సార్? మా పాప గైడులో 'ఒకసారి' అని ఊరుకున్నారు.

అనంతపురం నుంచి: మాటు అంటే సారే. 'ఒక్కసారైనా మనసు కుదుటపడి ఎట్లా ఉంటుంది' అని చెప్పండి. వ్యాసుడు ఈ చోట నిద్ర సంగతి కూడా ఎత్తాడు, పాము దూరిన ఇంట్లో పడుకున్నవాడి నిద్ర అని. తిక్కన నిద్రను వదిలేసి మనసును మాత్రం ఉంచుకున్నాడు. మా వైపు ఫ్యాక్షన్ ఊళ్ళు చూసినవాళ్ళకు ఇదే సరైనదనిపిస్తుంది. టెన్షన్ రాత్రికే కాదు కదా. మడికి నీళ్ళు కట్టను ఒంటరిగా పోలేరు. పెళ్ళి పత్రిక ఇస్తే 'అవతలి వర్గం వస్తాండారా' అని కనుక్కుని బయల్దేరతారు. భూమి బీడు పెట్టి ఊరు విడిచినవాళ్ళ సంగతి సరేసరి.

ఇక 'దీర్ఘ' వైరం వద్దన్నదానికి మూలంలో ధర్మరాజే కారణం చెబుతాడు: ఎంతకాలమైనా పగలు చల్లారవు, పాత పగ సంగతి చెప్పేవాళ్ళు ఉంటారు, ఆ వంశంలో మగబిడ్డ పుడతాడు. నాకైతే పాము కంటే ఈ మాటే భయం.

కడప నుంచి: చెప్పేవాళ్ళంటే మగవాళ్ళేనా అన్నా? యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఖడ్గతిక్కనను 'పగఱకు వెన్నిచ్చినచో నగరే', శత్రువుకు వెన్ను చూపితే నవ్వరా అని దెప్పింది భార్యే. సభల్లో ఆ చాటువుకు చప్పట్లు, ఈ పద్యానికి మార్కులు!

అనంతపురం నుంచి: బాగా అన్నావమ్మా. ఇద్దరు తిక్కనలూ ఒకే ఇంటివాళ్ళని చెబుతారు. కాటమరాజు కథలో ఆ యుద్ధం ముదిరింది పశువుల పుల్లరి కాడ, అంటే మేత పన్ను కాడ. ఊళ్ళో రాజీని ఆపేది కూడా ఆ 'నగరే' అన్న భయమే.

కర్నూలు నుంచి: ఏం రాజీ ప్పా? హత్య కేసు చట్టప్రకారం రాజీకి పనికిరాదు. నాయకులిద్దరూ కలిసిపోతే సాక్షులు కోర్టులో అడ్డం తిరుగుతారు, కేసు కొట్టేస్తారు. నాయకుని జీపు వెనక కూర్చుని పోయి చచ్చినోడి పెండ్లాన్ని ఎవరడిగినారు?

అనంతపురం నుంచి: అడగలేదు. దాన్ని శాంతి అని నేనూ అనను. కానీ మునుపటన్ని హత్యలు ఇప్పుడు లేవు. పోలీసులు, రాజకీయం, వ్యాపారాలు, చాలా కారణాలు చెబుతారు. వాటికి తోడు కొందరు తల్లులు చెప్పడం మానేశారు. 'నాయన ఎట్లా పోయినాడు' అని కొడుకు అడిగితే లారీ గుద్దిందని చెప్పినామె నాకు తెలుసు. పిల్లోడు బెంగళూరులో చదువుతున్నాడు.

కర్నూలు నుంచి: ఊరికొస్తే వీధరుగు మీద చెప్పేవాళ్ళు ఉండనే ఉండారు కదప్పా.

అనంతపురం నుంచి: ఉన్నారు. అందుకే సెలవులకు ఆమే బెంగళూరు పోతుంది, వాణ్ణి రానీయదు.